టేపు బాబాయి కుర్చీ

ఆ ఆడిటోరియంలో ఆఖరి వరస వెనక, కాస్త ఎత్తు మీద ఒక కుర్చీ ఉంది. చేతులు అరిగిపోయి లోపలి స్పంజి బయటికి తొంగిచూస్తుంటుంది. అందులో కూర్చునే హక్కు సౌండు చూసే పెద్దమనిషిది, ఇంకెవరిదీ కాదు. ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ టేపు బాబాయే. ఏ కార్యక్రమమైనా సరే, ముందు మైకుల శబ్దం పెంచి తగ్గించే మిక్సరు మీటల కింద తెల్ల టేపు పొడుగ్గా అంటించి, ఏ మీట ఎవరిదో పెన్సిలుతో రాసుకుంటాడు. గాయని, డ్రమ్ము, వక్త, నసపెట్టే వక్త. ఈ చివరివాడెవడో చూసి పోదామని చాలామంది వక్తలు అటు వచ్చి తచ్చాడేవారు.

ఉన్నట్టుండి పాత మిక్సరు పోయి కొత్తది వచ్చింది. మేనేజరు నాన్చకుండా చెప్పేశాడు.

"బాబాయ్, కంపెనీ నుంచి ఒకావిడ వచ్చి నీకూ లైట్లాయనకీ నేర్పుతుంది. శనివారం స్కూలు వార్షికోత్సవమే నీకు పరీక్ష. ఆవిడ సరేనంటే కుర్చీ నీదే. కాదంటే లైట్లాయన కూర్చుంటాడు, నువ్వు స్టేజీ మీద వైర్లు చూసుకో."

వైర్లు చూసుకోవడం తప్పు పనేం కాదు. కానీ ఆ కుర్చీలోంచి వింటే తప్ప ఆయనకి పాట పాటలా ఉండదు. భయం వేసింది, ఇంట్లో ఆ మాట కూడా చెప్పాడు.

నేర్పడానికి వచ్చినావిడ ఎవరనుకున్నారు, సాక్షాత్తూ ఆయన మరదలు, భార్యకి చెల్లెలు. బావ పెళ్లిలో పాడతానని ఎనిమిదేళ్ల పిల్లప్పుడు మైకు పట్టుకుంటే, శ్రుతి తప్పుతోందని, పెళ్లికొడుకై ఉండి కూడా లేచొచ్చి మెల్లగా మీట దించేసి పాట ఆపించిన ఘనుడు ఈయనే. ఆ కసి ఆవిడ ఇంకా దాచుకునే ఉంది.

"బావా, ముందు ఆ టేపు పక్కన పెట్టు."

"టేపు నిన్నేం చేసిందే?"

"మీట పైన చిన్న తెర ఉంది చూడు, పేరు అందులో కొట్టాలి. మీటలు ఇవే గానీ పేజీలు నాలుగు. పేజీ మారిస్తే ఇదే మీట ఇంకొకరిదవుతుంది."

"ఒక మీట ఒకరిది. ఇన్నాళ్లూ అంతే కదా."

ఆవిడ నవ్వి పేజీ మార్చే బటను నొక్కింది. మీటలన్నీ వాటంతటవే సర్రున పైకీ కిందికీ పరుగెత్తాయి. బాబాయి గభాలున రెండు చేతులూ వేసి వాటిని పట్టి ఆపాడు. లైట్లాయన నవ్వీ నవ్వీ ఎక్కిళ్లు తెచ్చుకున్నాడు.

నోటితో సరేనన్నాడు గానీ చెయ్యి మాట వింటేనా. మరదలు అటు తిరగ్గానే దొంగచాటుగా టేపు అంటించేవాడు.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం, పెద్ద స్పీకర్లు ఆపేసి, రికార్డు పాట ఒకటి పెట్టుకుని హెడ్‌ఫోన్లతో సాధన చేస్తున్నాడు. లైట్లాయన టీకి వెళ్లాడు. మరదలు ఫోను వచ్చిందని, సాధన కోసం పెట్టుకున్న కాలరు మైకుతోనే స్టేజీ వెనక్కి పోయింది. టేపు మీద 'గాయని' అని రాసున్న మీట పైకి తోశాడు. పేజీ మారి ఉందని చూసుకోలేదు. పాటకి బదులు మరదలి గొంతు వినిపించింది.

"లేదక్కా, బావకిది పట్టుబడటం లేదు. చెయ్యి టేపు దగ్గరికే పోతోంది. రేపు కాదంటే ఆయన కుర్చీ పోతుంది. అవునంటే నేను అబద్ధమాడినట్టు. ఏం చెయ్యను చెప్పు."

మైకువాళ్లకి ఒక పట్టింపు ఉంది. ఎవరైనా మైకు ఆపకుండా వెళ్లి మాట్లాడుకుంటుంటే, చెవిన పడ్డ క్షణమే మీట దించెయ్యాలి, విన్నది అక్కడే వదిలెయ్యాలి. ఆ కుర్చీలో ఆయన ఎందరి అలకలు విన్నాడో, ఎందరి గుసగుసలు విన్నాడో, కట్టుకున్న భార్య ఎంత బతిమాలినా ఒక్కటీ చెప్పలేదు. ఈసారి మాత్రం చెయ్యి కిందికి రాలేదు.

"అక్కా, నువ్వు ఏడవకు మరి" అన్న మాట వినిపించాక గానీ దించలేకపోయాడు.

ఆవిడ తిరిగొచ్చింది.

"మైకు ఆపలేదమ్మా నువ్వు" అన్నాడు.

మరదలి చెయ్యి కాలరు మీదికి పోయింది, మొహం పాలిపోయింది. "ఎంతవరకు విన్నావు?"

"వినకూడనంత."

బాబాయి టేపు మొత్తం ఒక్క లాగు లాగి, ఉండచుట్టి ఆవిడ చేతిలో పెట్టాడు.

"మళ్లీ మొదట్నించీ చెప్పు. మరదలిలా కాదు, టీచరులా."

"టీచరైతే తిడుతుంది బావా."

"తిట్టు. ఇంట్లో అలవాటే."

తిట్టింది, కరువుతీరా తిట్టింది. ఆయన ఒంటివేలితో పేర్లన్నీ తెరల్లో కొట్టుకున్నాడు. ప్రతి మీట దగ్గరా చెవి బొమ్మ ఉన్న బటను ఒకటుంది. అది నొక్కితే ఆ మైకు హాల్లోకి పోకుండా తన హెడ్‌ఫోన్లలో మాత్రమే పలుకుతుంది. అదీ నేర్చుకున్నాడు. ఆవిడ కాలరు మైకు మీట పైన 'మరదలు, జాగ్రత్త' అని కొట్టాడు. అది చదివి ఆవిడ పడీపడీ నవ్వింది.

శనివారం హాలు కిటకిటలాడింది. మరదలు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. బాబాయి పేజీ మార్చడం, తెర చదవడం, ఆ తర్వాతే మీట ముట్టుకోవడం. హెడ్మాస్టరు ప్రసంగం అయ్యాక బటను నొక్కితే బృందగానం మీటలు వాటి చోట్లకి అవే వెళ్లాయి. ఈసారి వాటికి అడ్డుపడలేదు.

చివర్లో ఒక చిన్నపిల్ల ఒంటరిగా పాట ఎత్తుకుంది. రెండో చరణానికే శ్రుతి తప్పింది. ఆయన వేలు అలవాటుగా మీట మీదికి వెళ్లింది. ఒక్క క్షణం ఆగి, దించకుండా ఇంకాస్త పైకి తోశాడు. పిల్ల తన గొంతు తనకి వినపడి ధైర్యం తెచ్చుకుని, తప్పుతూ తప్పుతూనే చివరిదాకా పాడేసింది.

చప్పట్లు మోగుతుంటే మరదలు తన కాలరు మైకు మీద వేలితో కొట్టి చూపించింది. ఆయన చెవి బొమ్మ నొక్కాడు.

"పాసయ్యావు బావా. అక్కకి చెప్పేశాను. మళ్లీ ఏడుస్తోంది."

ఆయన కళ్లు చెమర్చాయి. మీట వదిలేశాక చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆవిడ తలుపు వెనక్కి జరిగి, ఆ పెళ్లినాటి పాట సన్నగా అందుకుంది. శ్రుతి అప్పటిలాగే తప్పుతోంది. బాబాయి హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకి అదుముకుని, ఈసారి చివరిదాకా విన్నాడు.