ఏసీ నీళ్ళు తాగిన బ్యాటరీలు

ఈ సంగతి రాసి పెట్టక తప్పడం లేదు. మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, ఈ మధ్య ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఒకటే మాట. మా ట్రైలర్ బ్యాటరీలు చచ్చేలోగా తానే పసిగట్టి మార్పించారట. మొన్న నా ఎదుటే చెప్పారు, నేను వడ్డించిన పప్పు కలుపుకుంటూ. విన్నవాళ్ళు తలలూపారు. అక్కడే నోరు తెరిస్తే ఇంటి కోడలు గొడవపడిందంటారు. కాగితం మీదైతే నన్ను మధ్యలో ఆపేవాళ్ళుండరు.

మేముండే ఈ పరాయి దేశంలో పాసిర్ రిస్ అనే పేట వైపు, సముద్రానికి దగ్గరలో, ఒక విడిది స్థలంలో మాకు చక్రాల మీద నిలబెట్టిన గది ఒకటి ఉంది, అదే ట్రైలర్. కారు వెనక తగిలించి లాక్కెళ్ళే రకమే కానీ, మాది తెచ్చి పెట్టినచోటు నుంచి కదలలేదు. శనాదివారాల్లో కుటుంబాలకు అద్దెకిస్తాం. అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్నారు, ఇద్దరికీ ఉద్యోగాలు. దుప్పట్లు మార్చడం, బాత్రూం కడగడం, వచ్చినవాళ్ళకు తలుపు తీయడం, వాళ్ళ సణుగుడు వినడం నా వంతు. ఆ పని నాకిష్టం. పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చాక నా చేతికి నాదిగా వచ్చినవి ఆ తాళాలే.

మా ట్రైలర్ ఉన్న వరసకు కరెంటు లైను లేదు. పైకప్పు మీద సోలార్ పలకలు, బయట ముందువైపు పెట్టెలో జంటగా కలిపిన రెండు బ్యాటరీలు. ఫ్యాన్లు, లైట్లు, చిన్న ఫ్రిజ్, పంపులకు నీళ్ళు తోసే మోటారు, అన్నీ వాటి మీదే నడవాలి.

బ్యాటరీల పెత్తనం బావగారిది. "ఇన్వర్టర్ల మధ్య పుట్టి పెరిగినోళ్ళం, మాకు చెప్తారా?" అనేవారు. మన ఊళ్ళలో చాలామంది చేసే పనే ఆయనా చేశారు. ఫ్లాట్‌లో ఏసీ నుంచి కారే నీళ్ళు సీసాల్లో పట్టి తెచ్చి బ్యాటరీల్లో పోసేవారు. గాలిలో తేమ చల్లబడి కారిన నీళ్ళు కనుక అవి డిస్టిల్డ్ వాటరే అని ఆయన వాదన. షాపులో అసలు డిస్టిల్డ్ వాటర్ చవకే. కానీ కొంటే తన తెలివికి అవమానం.

నేను పదో తరగతితో ఆగినదాన్ని. ఇంగ్లీషు మా పేట లైబ్రరీలో నేర్చుకున్నాను, పిల్లల విభాగంలో, మోకాళ్ళు గడ్డానికి తగిలే కుర్చీలో కూర్చుని. ఇప్పుడు ఆ భవనంలో నేను భయపడే అర లేదు. ఫ్యాన్లు మందగిస్తున్నాయని అతిథులు చెప్పడం మొదలుపెట్టాక బ్యాటరీల మీద పుస్తకాలు వెతికాను. ట్రైలర్ల గురించి ఏమీ దొరకలేదు, లైబ్రరీ ఆంటీ చూపించిన పడవల అరలో దొరికింది. నడిసముద్రంలో బ్యాటరీ చస్తే పిలవడానికి మెకానిక్ ఉండడు కాబట్టి పడవలవాళ్ళు వివరంగా రాస్తారు.

ఛార్జింగ్ తీసిన వెంటనే మీటరు చూపే అంకెను నమ్మకూడదని అందులో చదివాను. కొంతసేపు ఆగి, నడిచేవన్నీ నడిపించి, అప్పుడు చూడాలి. ముసలి బ్యాటరీ పలకరిస్తే కులాసా అంటుంది, బరువెత్తమంటే కూలబడుతుంది. ఏసీ నీళ్ళు కంటికి తేటగానే ఉంటాయి కానీ, లోపలి రాగినీ దుమ్మునీ కడుక్కుని వస్తాయి. ఆ మలినం చేరితే బ్యాటరీ వాడకుండానే లోలోపల ఖాళీ అవుతుంది. జంటలో ఒకటి చెడితే రెండూ ఒకేసారి మార్చాలి. లేకపోతే పాతది కొత్తదాన్ని కూడా ముంచుతుంది.

వెళ్ళి పెట్టె తెరిచాను. ఒక బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి. అందులో ఒక్క అరలోనే నీళ్ళు మళ్ళీ మళ్ళీ అడుగంటుతున్నాయి. ఆంగ్ మో కియో పేట షెడ్లలో పాత బ్యాటరీలు కొనే చైనీస్ అంకుల్‌కి ఫోటో చూపించాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, "ఫినిష్ ఆల్రెడీ, ఆంటీ" అన్నారు.

ఆదివారం భోజనాల దగ్గర, బంధువులందరూ ఉండగా, మర్యాదగానే చెప్పాను.

"బావగారూ, బ్యాటరీలు రెండూ మార్చే టైమొచ్చిందండీ."

"ఎవరు చెప్పారమ్మా?"

"పుస్తకంలో చదివానండీ. ఆ ఏసీ నీళ్ళు కూడా..."

"ఓహో! పదో క్లాసు ఇంజనీరుగారు వచ్చారండోయ్, దారివ్వండి!" అన్నారు. అందరూ నవ్వారు. "బ్యాటరీకేం రోగం లేదు. వచ్చినోళ్ళందరికీ ఫ్యాన్లు వదిలేసి నువ్వు ఇంటికొచ్చేస్తావు, అదీ రోగం. ఆ తాళాలిటు పడెయ్. కడగడానికి ఎవరినైనా పెట్టుకుంటా. నువ్వు లైబ్రరీలో కూర్చుని చదువుకో."

మా ఆయన మజ్జిగ పోసుకుంటున్నారు. నేను తాళాలిచ్చేశాను. ఆ పూట గిన్నెలు తోముతూ ఒట్టు పెట్టుకున్నాను, ఆ చేత్తోనే వాటిని నా చేతిలో పెట్టించుకోవాలని.

నాకు కావలసింది దానంతటదే నడిచి వచ్చింది. బావగారబ్బాయికి ఇక్కడే క్లెమెంటి పేటలో ఉండి రీసెర్చ్ చేసే అమ్మాయితో సంబంధం కుదిరింది. వియ్యాలవారు రాజమండ్రి నుంచి దిగారు. వాళ్ళకు ఎక్కడ విందు పెట్టాలా అని బావగారు మథనపడుతుంటే నేనే అందించాను.

"ఫ్లాట్‌లో ఏముందండీ, ఎవరికైనా ఉండేదే. ట్రైలర్‌లో సముద్రపు గాలికి కూర్చోబెడితే ఆ దర్జాయే వేరు."

ఆయన ముఖం వెలిగింది. ముందురోజే విడిది స్థలం ఆఫీసు దగ్గర నుంచి వైరు లాగి బ్యాటరీలు నిండా ఛార్జ్ చేశారు. మర్నాడు వైరు పీకీ పీకకముందే మీటరు పెట్టి నన్ను పిలిచారు.

"చూడు, ఎంత చూపిస్తోందో! ఏమంటుంది నీ లైబ్రరీ?"

"మీరన్నాక తిరుగేముందండీ" అన్నాను.

పుస్తకం చెప్పిన పరీక్షను నేను అక్షరాలా అమర్చాను. ఫ్రిజ్ నిండా కొబ్బరిబొండాలు, పెరుగు గిన్నెలు పెట్టాను. ఫ్యాన్లన్నీ వేశాను. విందు మధ్యాహ్నానికి సాగింది, మబ్బు పట్టి సోలార్ పలకలు చల్లబడ్డాయి. బావగారు వియ్యంకుడికి బ్యాటరీల ఆయుర్దాయం గురించి ఉపన్యాసం ఇస్తున్నారు. ఇసుకలో నడిచి వచ్చిన వియ్యపురాలు స్నానానికి వెళ్ళారు. మోటారు బుయ్యిమంది, ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటిగా కంటికి కనబడసాగాయి.

"డాడీ, బ్యాటరీ డెడ్ లా" అన్నాడు పెళ్ళికొడుకు, ఇక్కడివాళ్ళ యాసలో.

"నోర్ముయ్. లూజ్ కాంటాక్ట్ అది."

మోటారు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. లోపలి నుంచి కేక. "అన్నయ్యగారూ! నీళ్ళాగిపోయాయండీ! కళ్ళ నిండా సబ్బు!"

బావగారు పరుగెత్తి పెట్టె తెరిచి, ఏసీ నీళ్ళ సీసా మూత తీసి గబగబా పోయసాగారు. వియ్యంకుడు వెనక నిలబడి, "ఏం తీర్థమండీ అది, పోస్తే లేచి కూర్చుంటుందా?" అని అడిగారు. పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది.

పొద్దున్నే బకెట్ల నిండా నీళ్ళు పట్టి గుమ్మం పక్కన ఉంచింది నేనే. అయినా వెంటనే లేవలేదు. బొండంలో మిగిలిన నీళ్ళు తాగాను. ఇంకో కేక వినిపించాక బకెట్ తీసుకెళ్ళి తలుపు తట్టాను. దానికి ఈ రోజుకీ నాకు విచారం లేదు.

వియ్యపురాలు ఎర్రబడ్డ కళ్ళతో బయటికి వచ్చారు. "మీరు లేకపోతే నా గతేంటి వదినగారూ! అన్నయ్యగారూ, ఇదంతా చూసుకునేది ఎవరండీ?"

బావగారు సీసా మూత బిగిస్తున్నారు. "ఇదివరకు నేనండీ. ఇప్పుడు బావగారే స్వయంగా చూసుకుంటున్నారు" అన్నాను, ఎంత తియ్యగా అనగలనో అంత తియ్యగా.

"మళ్ళీ ఆవిడకే ఇచ్చెయ్యండి బాబూ! మా పిల్లని పంపుతున్నాం, కనీసం మీ ఫ్లాట్‌లోనైనా నీళ్ళొస్తాయా?"

ఆ నవ్వుల్లో నా నవ్వే అన్నిటికంటే పెద్దది.

తర్వాతి ఆదివారం, అదే బల్ల దగ్గర, బావగారు తాళాలను చారుగిన్నె పక్కన పెట్టి వేలితో నా వైపు తోశారు. "తీస్కోమ్మా. నాకు టైముండట్లేదు."

నేను ముట్టుకోలేదు. చెయ్యి చాపి నిలబడ్డాను. "చేతికివ్వండి బావగారూ. తీసుకున్నప్పుడు చేతి నుంచే తీసుకున్నారు కదా."

బల్ల చుట్టూ నమలడం ఆగిపోయింది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, తాళాలు నా చేతిలో పెట్టారు. "ఒకటి మారుస్తే చాలదూ?" అని గొణిగారు. రెండూ కొత్తవే కావాలన్నాను. పాతవాటిని కారు దగ్గర నుంచి చైనీస్ అంకుల్ షెడ్డు దాకా ఆయనే మోయాలన్నాను. మోశారు. నేను ముందు నడిచాను.

పేర్లు రాస్తే ఇంట్లో ఇంకో యుద్ధం, అందుకే వరసలతోనే దణ్ణాలు పెడుతున్నాను. పడవల అర దాకా నా వెంట నడిచి వచ్చిన లైబ్రరీ ఆంటీకి. పాత బ్యాటరీలు దించుకుంటూ బావగారి ముందే నాకు బొటనవేలు ఎత్తి చూపించిన చైనీస్ అంకుల్‌కి. పెళ్ళిలో ఆ కథ మూడు వరసల బంధువులకు వినిపించిన వియ్యపురాలికి. బావగారు ఎక్కడ ఏ అబద్ధం చెప్పి వచ్చారో ఆ సాయంత్రానికల్లా ఫోన్ చేసి నాకు చేరవేస్తున్న మా తోటికోడలికి, అంటే సాక్షాత్తు ఆయన భార్యకు, అందరికంటే ఎక్కువ.