పొయ్యి వెలగని ఇంటి బియ్యం

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. మా పేట చర్చిలో పూజారులు లేరు గానీ సంఘపెద్దలున్నారు, ఆ లోటు వాళ్లే తీర్చారు. దీనమ్మ పిన్ని సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంటతోనే ఇది చెబుతున్నాను.

రాజోలు పక్కన, ఏటిగట్టుకి ఆనుకుని ఉన్న మా ఊరికి దీనమ్మ కోడలిగా వచ్చింది. ఆమె భర్త లాజరు కొబ్బరి దింపు తీసేవాడు. ఒక వానాకాలం చెట్టు మీంచి జారిపడి పోయాడు. పిల్లల్లేరు. ఊడుపులకీ కోతలకీ వెళ్లి తన బతుకు తను బతికింది. అత్తగారి నుంచి ఆమెకు వచ్చిన ఆస్తల్లా ఒక్క అలవాటు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం. అవి దేవుడివి. “దేవుడివంటే ఎవరివే? ఆయనేమన్నా వండుకు తింటాడా? పొయ్యి వెలగని ఇంటివి” అనేదట ఆ ముసలమ్మ.

ఆమె కాలంలో అలాగే జరిగింది. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆ ఇంటికి ఆడవాళ్లే బియ్యం పట్టుకెళ్లేవారు. ఏ గుడికి వెళతారని అడిగేవారు కాదు. తర్వాత సంఘం పెరిగింది, కమిటీ వచ్చింది, గంటగోపురం కట్టాలన్న సరదా పుట్టింది. పిడికెడు బియ్యమంతా ఒక డ్రమ్ములో పోసి, ఆరాధన అయ్యాక వేలం వేయడం మొదలుపెట్టారు. సన్నబియ్యం, ముతకబియ్యం, కోటా బియ్యం అన్నీ కలిసిపోయినవి ఎవరు వండుకుంటారు? కోళ్లఫారం వాళ్లు పాడుకుని పట్టుకుపోయేవారు. కూలికెళ్లే ఆడది నోరు కట్టుకుని దాచిన గింజలు కోళ్లు తిన్నాయి! దానికి మేమంతా స్తోత్రం చెప్పాం.

శనివారం ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేసే పని దీనమ్మది. డ్రమ్ము ఆమె వసారాలోనే ఉండేది.

రెండు వేల ఆరు ఆగస్టులో గోదారి పొంగింది. ఏటి మధ్య లంకల్లోని జనం మేకల్నీ గేదెల్నీ తోలుకుని, పిల్లల్ని చంకనేసుకుని మా గట్టు మీదికి చేరారు. పైన వాన, కింద బురద. దీనమ్మ నేరుగా సంఘపెద్ద రాజరత్నంగారి ఇంటికి వెళ్లింది. ఆయన ఆర్టీసీలో చేసి రిటైరైన మనిషి, చర్చి తాళాలు ఆయన దగ్గరే ఉండేవి.

“బాలింతలున్నారండి, చంటిపిల్లలున్నారు. గుడి తలుపు తీయించండి” అని అడిగింది.

“కొత్తగా టైల్స్ వేయించాం కదా దీనమ్మా. బిషప్పుగారొచ్చి ప్రతిష్ఠ చేసేదాకా బురదకాళ్లు లోపల పెట్టకూడదు.”

పాస్టరు యెహెజ్కేలుగారు అక్కడే ఉన్నారు. మంచివారే, కాకపోతే గోడమీద పిల్లి. “ప్రార్థన చేద్దామమ్మా” అన్నారు. చేశారు కూడా. తాళం మాత్రం ఎవరూ తీయలేదు.

దీనమ్మ ఇంటికొచ్చి డ్రమ్ము మూత తీసింది. ప్రతిష్ఠ రోజున పెద్ద వేలంపాట పెడదామని కొన్ని నెలలుగా వేలం ఆపారు కాబట్టి బియ్యం అంచుదాకా ఉన్నాయి. గట్టు మీద రాళ్లు పేర్చి పొయ్యి పెట్టింది. కిరాణా కొట్టు చలపతిగారు ఏటా పెనుగొండ అమ్మవారి దర్శనానికి వెళ్లొచ్చే మనిషి. ఆయన ఒక్క ప్రశ్న వేయకుండా కందిపప్పు, చింతపండు కొలిచిచ్చారు. నేనూ, మరికొందరు ఆడవాళ్లమూ వెళ్లి గరిటె పట్టాం. వరద తీసేసరికి డ్రమ్ము అడుగు కనిపించింది.

అప్పుడు తీశారండీ గుడి తలుపు! దీనమ్మను విచారించడానికి.

“అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. అది దేవుడి సొమ్ము” అన్నారు రాజరత్నంగారు. “వాళ్లలో ఒక్కడైనా మన సంఘస్థుడా? పోనీ, అన్నం పెట్టే ముందు నాలుగు బైబిలు వాక్యాలైనా చెప్పించావా?”

“ఆకలి మీదున్నోళ్లండి. వాక్యం చెప్పినా అన్నం గిన్నెకేసే చూస్తారు. ముందు తిననిచ్చానండి.”

కమిటీ తీర్పు చెప్పింది. నెల మొదటి ఆదివారం సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. అందాకా ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టెలో ఆమెకు పాలు లేదు. తాగొచ్చి పెళ్లాన్ని కొట్టేవాళ్లకు ఏనాడూ ఆపని రొట్టె, అన్నం పెట్టినదానికి ఆపారు! నెలకోసారి ఆ చిన్న రొట్టెముక్క, గుటకెడు ద్రాక్షరసం దీనమ్మకు ప్రాణం. లాజరు పోయిన నెలలో కూడా మానలేదు. ఆ వారమంతా కుమిలి కుమిలి ఏడ్చింది.

“ఒప్పేసుకుంటానే. రొట్టె లేకుండా ఉండలేను” అంది నాతో.

నాకు కోపం ఆగలేదు. “ఏం తప్పు చేశావని ఒప్పుకుంటావు పిన్నీ?”

“అదే ఆలోచిస్తున్నానే” అంది.

ఆదివారం వచ్చింది. బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె ఉంది. దీనమ్మ ఆడవాళ్ల వైపు నుంచి లేచి నిలబడింది.

“తప్పయిపోయిందండి” అంది. రాజరత్నంగారు తృప్తిగా తలూపారు.

“పొయ్యి వెలగని ఇంటికి పొయ్యమని మా అత్తగారు చెప్పి పోయింది. నేను ఇన్నేళ్లూ ఇల్లిల్లూ తిరిగి ఏరుకొచ్చి కోళ్లకి పోశాను. మొన్న గట్టు మీద పిల్లలు తింటుంటే తెలిసొచ్చిందండి. దేవుడు క్షమించాలి, మీరూ క్షమించండి.”

కూర్చుంది. రాజరత్నంగారి ముఖం కందగడ్డయింది. “ఇది ఒప్పుకోవడం కాదు” అని పాస్టరుగారి చెవిలో గట్టిగానే అన్నారు. పాస్టరుగారు కళ్లు దించుకుని రొట్టె విరిచారు. ఆడవాళ్ల వైపు పళ్లెం తనే తీసుకుని రాజరత్నంగారు వరసగా పంచుకుంటూ వచ్చారు. దీనమ్మ చెయ్యి చాపింది. పళ్లెం ఆ చెయ్యి దాటి, పక్కన చాప మీద కూర్చున్న ఆయన భార్య కరుణమ్మ దగ్గర ఆగింది.

కరుణమ్మగారు ముక్క తీసుకున్నారు. నలుగురిలో ఏనాడూ నోరెత్తని మనిషి. ఆ ముక్కను రెండుగా తుంచి, సగం దీనమ్మ అరచేతిలో పెట్టారు.

“కరుణా!” అన్నారు రాజరత్నంగారు.

ఆవిడ తలెత్తి ఆయన్ను చూశారు. “చిన్న ముక్కేనండి. ఇద్దరికీ సరిపోద్ది.”