నెల్‌కి ఐదు మిల్లీలు

మెరిన్ టోల్‌హర్స్ట్‌కి లెక్కలు రావని మా ఊరు కుర్రాబీలో అందరికీ తెలుసు. పదిహేనేళ్లకే బడి మానేసి, ఉన్ని కత్తిరించే షెడ్లలో వంటకి సాయంగా వెళ్లిన పిల్ల. ముప్పై మంది కూలీలకి ఎంత మటన్ కొయ్యాలో కంటిచూపుతో చెప్పేది గానీ, కాగితం మీద భాగహారం కనబడితే చెమటలు పట్టేవి. అలాంటిది ఇరవై ఆరేళ్లకి పశువుల ఆసుపత్రి నర్సు చదువులో చేరింది. పాఠాలు ఇంట్లో కంప్యూటర్‌లో, పని నేర్చుకోవడం మా ఆసుపత్రిలో. ఊరంతా నవ్వింది. ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లెత్తేది నేనే కాబట్టి ఆ నవ్వులన్నీ నా చెవినే పడేవి.

మా డాక్టర్ ఫెనెల్ మంచిదే, కానీ రూలంటే రూలు. మోతాదు లెక్కల పరీక్ష గట్టెక్కేదాకా మందు సీసా ముట్టుకోవద్దంది. ఇంకో రూలు కాలేజీది. చదువుకుంటున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఎవరికీ ఏ మందూ ఇంత ఇవ్వమని చెప్పకూడదు. చెప్పారని తెలిస్తే పేరు కొట్టేస్తారు. మెరిన్ దానికి ఒప్పుకుని సంతకం పెట్టింది.

మొదటిసారి పరీక్షలో దశాంశం చుక్క ఎటు పెట్టాలో తెలియక పిల్లికూనకి గుర్రానికి సరిపడా మందు రాసింది. రెండోసారీ తప్పింది. చివరికి మెరిన్‌కి లెక్కలు నేర్పింది వాళ్ల బాబాయ్ ఆల్వీ. తండ్రి పోయాక దాన్ని పెంచినవాడు ఆయనే. అరవై ఏళ్లు దాటినా ఇంకా కుక్కల్ని వేసుకుని పెద్ద పెద్ద ఫారాల్లో గొర్రెల్ని తోలి, నట్టల మందు పట్టి బతికేవాడు. ఆయన చదివింది ఎంతో లేదు.

మధ్యాహ్నం ఆసుపత్రి వెనక మెట్ల మీద ఇద్దరూ మాంసం కూరిన మీట్ పైలు తింటూ కూర్చునేవాళ్లు.

"చుక్కలూ గిక్కలూ పక్కన పడెయ్యవే. నలభై కేజీల గొర్రె. నాలుగు కేజీలకి ఒక మిల్లీ. ఎంత పడుతుంది?"

"పది."

"మరి కొట్టావుగా! పిల్లికైనా అంతే, ఏనుగుకైనా అంతే. ముందు బరువు చూడు, తర్వాత సీసా మీద ఏముందో చూడు. మధ్యలో నీ భయం ఎందుకు?"

అలా ఎక్కింది దానికి. ఆ నెలలోనే పరీక్ష గట్టెక్కింది. ఆల్వీ ఆ సాయంత్రం పబ్బులో ఉన్నవాళ్లందరికీ బీరు పోయించాడు. "మా ఇంట్లో మెడలో గొట్టం వేసుకునే మనిషి పుట్టిందిరా," అని కనబడినవాడికల్లా చెప్పాడు. పిల్లలు లేనివాడు. మెరిన్ షెడ్డు వంటింటికి మళ్లీ వెళ్లకూడదు, అంతే ఆయన కోరిక. జీవితంలో ఇంకేదీ అంతగా అడిగిన మనిషి కాదు.

తర్వాత జరిగింది మెరిన్ నాకు చెప్పింది. ఆ ఆదివారం ఆల్వీ ఇంటి వెనక కుక్కలకి నట్టల మందు పోస్తున్నాడు. మా వైపు ఎవరింట్లో చూసినా ఇంతే. గొర్రెలకి పట్టగా మిగిలిన మందు కుక్క నోట్లో కాస్త పిండుతారు. డబ్బా మీద గొర్రెలకి మాత్రమే అని రాసి ఉంటుంది, ఎవడు చదివాడు గనక.

"ఇన్నేళ్లూ ఉజ్జాయింపుగా పోశాను," అన్నాడు ఆల్వీ. "ఇప్పుడు ఇంట్లో నర్సమ్మ ఉంది. నువ్వు చెప్పవే, నెల్‌కి ఎంత?"

నెల్ ఆయన ముందు కుక్క, అంటే మిగతా కుక్కల్ని వెంటేసుకుని మందని నడిపేది. మిగతా రెండూ కెల్పీ జాతి కుక్కలు, నెల్ ఏం చేస్తే అవీ అదే చేసేవి. దాని తల్లి కోలీ జాతిది. ఆల్వీ ఈల వేయనక్కర్లేదు, చెయ్యి కదిపితే చాలు, రెండు వేల గొర్రెల్ని గేటులోకి తెచ్చేది.

"ఇరవై కేజీలు ఉంటుంది. ఐదు మిల్లీలు బాబాయ్."

"అంత పొయ్యాలా! నేను ఒక్క మిల్లీ కూడా పొయ్యలేదే ఎప్పుడూ."

"అందుకే దానికి నట్టలు పోవట్లేదు. మందు తక్కువేస్తే పురుగు మొండికెత్తుతుంది, మా పాఠంలోనే ఉంది."

పాఠంలో ఉంది నిజమే. లెక్కా తప్పులేదు. ఆల్వీ గర్వంగా ఐదు మిల్లీలు కొలిచి పోశాడు. కెల్పీలకి కూడా వాటి బరువు లెక్కన పోశాడు.

మర్నాడు వెనక తొట్టి ఉన్న ఆయన యూట్ బండి మా గేటు ముందు ఆగింది. నెల్‌ని రెండు చేతులమీద ఎత్తుకొచ్చాడు. నోట్లోంచి చొంగ తీగలా కారుతోంది. కింద దించితే కాళ్లు తడబడి, నేరుగా వెళ్లి గోడకి కొట్టుకుంది. దానికి కళ్లు కనబడటం లేదని నాకే అర్థమైంది.

"ఏం తింది?" అంది డాక్టర్.

"తినలేదు. నట్టల మందు పోశాను. గొర్రెలది."

"ఎంత?"

"ఐదు మిల్లీలు."

"ఐదా! ఎవరు చెప్పారు నీకు?"

మెరిన్ నోరు తెరిచింది. ఆల్వీ దానివైపు చూడను కూడా చూడలేదు. "ఎవరు చెబుతారు? నేనే. కంటితో పోశాను, చెయ్యి జారింది."

డాక్టర్ మండిపడింది. కోలీ రక్తం ఉన్న కుక్కల్లో కొన్నింటికి ఆ మందు నేరుగా మెదడుకెక్కుతుందట. కాస్త చుక్క పడితే తట్టుకుంటాయి, గొర్రె లెక్కన పడితే కూలిపోతాయి. ఇన్నేళ్లూ ముసలాడు తక్కువ పొయ్యబట్టే నెల్ బతికింది. కెల్పీలకి ఏమీ కాలేదు. "బుద్ధుందా నీకు? ఒక్క ఫోన్ కొడితే చెప్పేదాన్ని కదా!" అని అందరి ముందూ ఆయన్ని చెడామడా తిట్టింది. ఆయన టోపీ చేత్తో పట్టుకుని, బడిపిల్లాడిలా తిట్లన్నీ తిన్నాడు.

విరుగుడు లేదు. ఊపిరి నిలబెట్టి, మందు దిగేదాకా ఎదురుచూడటమే. మెరిన్ ఇంటికి వెళ్లలేదు. నెల్‌ని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టింది, ఎండిపోతున్న కళ్లకి మందు రాసింది. నేను టీ తీసుకెళ్లేసరికి నడవాలో ఆల్వీ మెరిన్ మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు.

"నోరు విప్పావో, నీ మొహం చూడను. అర్థమైందా? నన్ను తిడితే ఏం ఊడింది? నాకేం పరీక్షలున్నాయా?"

"నా లెక్క కదా బాబాయ్."

"నీ లెక్క నీ దగ్గరే పెట్టుకో."

నెల్ లేవలేదు. ఫిట్స్ మొదలయ్యాయి, ఒకదాని మీద ఒకటి. ఇక బాధపెట్టొద్దు, ఇంజక్షన్‌తో నిద్రపుచ్చెయ్యమని ఆల్వీయే అన్నాడు. డాక్టర్ అలవాటు కొద్దీ, "మెరిన్, బరువు చూసి మోతాదు చెప్పు," అంది. మెరిన్ నెల్‌ని కాటా మీద పడుకోబెట్టి, లెక్క వేసింది. డాక్టర్ సరిచూసి, "కరెక్టే," అంది. ఆల్వీ నెల్ తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ రోజు నేను ఏడ్చినట్టు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

పబ్బులో జనం ఊరుకుంటారా. "ఏం ఆల్వీ, ఈ బీరు కూడా కంటితోనే కొలిచి పొయ్యమంటావా?" అన్నాడొకడు. ఆయన నవ్వేసి గ్లాసు ముందుకు తోశాడు. కానీ గోరుచుట్టు మీద రోకటిపోటు, ఏటా ఆయనకే పని ఇచ్చే బ్రాడ్‌ఫుట్ ఈసారి వేరేవాణ్ని పిలిచాడు. సొంత కుక్కకి మందు కొలవలేనివాడు నా నాలుగు వేల గొర్రెలకి ఏం కొలుస్తాడు అన్నాడట. కెల్పీలు పనికి రాలేదు. నెల్ లేకపోతే వాటికి దారి తెలియదు, ఆల్వీ చుట్టూనే తిరిగేవి.

మెరిన్ కూడు మానేసింది. నేను చెప్పాను దానికి, "చూడు తల్లీ, ఆయన మోస్తానన్న బరువు ఆయన్ని మొయ్యనీ. ఇప్పుడు నువ్వు చెప్పినా కుక్క లేచిరాదు." వినలేదు. బ్రాడ్‌ఫుట్ ఇంటికి వెళ్లి మోతాదు చెప్పింది తనేనని ఒప్పుకుంది. ఆయన గుమ్మంలోంచే, "చిన్నపిల్ల మాట విని పోశాడా? అయితే ఇంకా తెలివితక్కువవాడు. అయినా ముందు కుక్క లేనివాడితో నాకేం పనమ్మా?" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. తిన్నగా ఆసుపత్రికి వచ్చి డాక్టర్ ముందు కూడా నిలబడింది. "నాకు చెప్పకుండా ఉంటే బాగుండేది మెరిన్," అంది డాక్టర్. విన్నాక కాలేజీకి రాయక తప్పదు. రాసింది. పేరు కొట్టేశారు.

నిజం చెప్పడం గొప్పే, కాదనను. ఆ గొప్ప ఎవరి కడుపు నింపిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ సంగతి ఆల్వీకి చెప్పడానికి దానికి ధైర్యం చాలక నన్ను తోడు తీసుకెళ్లింది. ఆయన వాకిట్లో కెల్పీలకి మాంసం కోస్తున్నాడు. మెరిన్ చెబుతున్నంతసేపూ కత్తి ఆపలేదు. అంతా అయ్యాక కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

"నెల్ పోయింది. పని పోయింది. పోతే పోయాయి, ఆ రెండూ ఇచ్చి నీ చదువు నిలబెట్టాననుకున్నానే. దాన్నీ తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టి వచ్చావా?"

"నిజం చెప్పాను బాబాయ్."

"ఎవరడిగారే నిన్ను?"