నా కారు నెత్తిన అంబాసిడర్ కడ్డీలు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా నిలబెడితే జనగామ నుంచి మహబూబాబాద్ దాకా రోడ్డు నిండిపోతుంది. ఆ వరసలో అందరికంటే ముందు జెండా పట్టుకుని నిలబడేది ఇదిగో, ఇప్పుడు చెప్పబోయేది. ఇందులో ఒక కారు, రెండు సైకిళ్ళు, రెండు ఇనుప కడ్డీలు, మా అక్క బొంత ఒకటి ఉన్నాయి. కడ్డీలు, బొంత మళ్ళీ ఇల్లు చేరలేదు. నా పరువు చేరిందో లేదో చివర్లో మీరే తేల్చండి.

అవి తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపో గేటు దాటి చాలా రోజులైంది. నేను జనగామలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. మేమూ సమ్మెలోనే ఉన్నాం. పొద్దున చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చోవడం, మధ్యాహ్నం ఇంటికొచ్చి కొత్తగా కొన్న పాత కారును తుడవడం, ఇదీ నా ఉద్యోగం. ఆ కారును ఎంత తుడిచానంటే, ఇంకో నెల సమ్మె సాగితే రంగు కింద రేకు బయటపడేది.

మా అక్క కూతురు శైలజకు అప్పుడు పదహారేళ్ళు. సైకిలెక్కితే గాలి. దాని జోడు జ్యోతి, నర్సింహులపేట దగ్గర తండా పిల్ల. హాస్టల్ మూసేస్తే అక్క వాళ్ళింట్లోనే ఉంటోంది. ఇద్దరూ ఎవరినో అడిగి తెచ్చుకున్న పాత రేసు సైకిళ్ళ మీద ఊరంతా తిరిగేవాళ్ళు.

ఒక రోజు కబురొచ్చింది. హైదరాబాద్ సైకిల్ కోచ్ ఒకాయన మానుకోటలో అత్తగారింటికి వచ్చి, సమ్మెలో అక్కడే ఇరుక్కుపోయాడట. మానుకోట అంటే మహబూబాబాదే, మా నోటికి అదే అలవాటు. ఊరికే కూర్చోలేక, ఆదివారం పదకొండింటికి గ్రౌండ్‌లో పిల్లల్ని చూస్తానన్నాడట. నచ్చినవాళ్ళకు తన అకాడమీలో సీటు, హాస్టల్లో చోటు. పన్నెండింటికి ఏదో లారీ దొరికింది, ఎక్కి వెళ్ళిపోతాడు. వచ్చే ఏడాది అయితే ఈ ఇద్దరికీ వయసు దాటిపోతుంది.

"పోవుడు ఎట్ల మామా?" అంది శైలజ. "తొక్కుకుంట పోతే డెబ్బై, ఎనబై కిలోమీటర్లు. ఆడికి పోయేసరికి కాళ్ళు లేస్తయా?"

"నేనున్న కద!" అన్నాను.

పాఠకులారా, ఈ మాట నా నోట్లోంచి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఏడ్చారు. ఆ సంగతి శైలజకు తెలియదు, చిన్నపిల్ల.

కారు చిన్నది. ఇద్దరు పిల్లలు, నేను, నా పొట్ట ఎక్కితే ఇంక లోపల టిఫిన్ డబ్బాకు కూడా చోటుండదు. సైకిళ్ళు పైనే పోవాలి. పైన పోవాలంటే కప్పు మీద అడ్డంగా రెండు కడ్డీలుండాలి. ఆ కడ్డీలు ఎంచడానికి నేను నాలుగు రోజులు తీసుకున్నాను. మా ఇంట్లో పెళ్ళికొడుకును కూడా అంత వెతకలేదు.

నా కారు కొలతకు చేసినవి హైదరాబాద్‌లో దొరుకుతాయట, కానీ తెచ్చే బండి లేదు. మైకుసెట్టాయన దగ్గర మంచివి ఉన్నాయి గానీ, వాటికి హారన్లు బిగించి ఉన్నాయి. "సమ్మెల మైకు ఇప్పమంటవా సార్?" అని నన్ను ద్రోహిని చూసినట్టు చూశాడు. మెకానిక్ సమ్మయ్య ఇంకో దారి చెప్పాడు.

"కప్పుకు నాలుగు బొక్కలు కొడ్త సార్. బోల్టులు బిగిస్తే ఏనుగు ఎక్కినా కదలది."

"నా కారుకు బొక్కలా?" అని నేను అరిచిన అరుపుకు పక్క దుకాణంలో పంచరు వేసేవాడు పని ఆపాడు.

అప్పుడు కనబడ్డాయి అవి. టాక్సీ అడ్డాలో గోడకు ఆనించి ఉన్నాయి, పాత అంబాసిడర్ మీది కడ్డీలు. లావుగా, నల్లగా, బరువుగా ఉన్నాయి. ఎత్తితే నడుం పట్టేసింది. బరువుంటేనే నమ్మకం అనిపించింది. ఎవరికీ అక్కర్లేదంటే ఎత్తుకొచ్చి సమ్మయ్య ముందు పడేశాను.

సమ్మయ్య వాటిని చూశాడు, కారును చూశాడు, చివరికి నన్ను చూశాడు. "సార్, అంబాసిడర్ కప్పుకు అంచు పొంటి కాలువ ఉంటది. గీ కొక్కాలు దాంట్ల కూసుంటయి. మీ కారు గుండు లెక్క నున్నగున్నది. కొక్కెం ఎక్కడ పట్టియ్యాలె?"

"తాళ్ళతో కడదాం."

"జారుతది సార్."

"జారదు సమ్మయ్యన్నా. కింద బొంత వేస్తే రాపిడి పెరుగుతది." షట్టర్ మీద సుద్దముక్కతో కారు బొమ్మ గీసి, బాణాలు వేసి, పావుగంట పాఠం చెప్పాను. సమ్మెలో పాఠం చెప్పకూడదన్న సంగతి కూడా మరిచిపోయాను.

సమ్మయ్య ఓపిగ్గా విన్నాడు. "గదంత నాకు తెల్వది సార్. బ్రేకు కొడితే జారుతదా, జారదా?"

"జారదు!"

ఆదివారం తెల్లారగానే పని మొదలుపెట్టాం. అక్క బొంత పరిచాం. దాని మీద కడ్డీలు, వాటి మీద సైకిళ్ళు. తాడును ఈ కిటికీలోంచి లోపలికి, ఆ కిటికీలోంచి బయటికి తీసి, కప్పు మీదుగా నాలుగు చుట్లు చుట్టాను. సమ్మయ్య ఒక కొస, నేను ఒక కొస పట్టి లాగి, చివరి ముడి కారు లోపల పడేటట్టు వేశాను. ఎవరూ విప్పకూడదని నా జాగ్రత్త. వేళ్ళు ఎర్రబడ్డాయి. వెనక్కి జరిగి చూసుకుంటే, ఏం చెప్పను, నా కళ్ళకు ఊరేగింపు రథంలా కనిపించింది.

డోర్ లాగాను. రాలేదు. ఇంకో డోర్ లాగాను. అదీ రాలేదు.

"తాడు కిటికీల నుంచి తీసినంక డోర్లు ఎట్ల వస్తయి సార్?" అన్నాడు సమ్మయ్య.

"ముందే చెప్పొద్దా?"

"చెప్దామనే అనుకున్న. మీరు బొమ్మ గీస్తుండిరి."

విప్పి మళ్ళీ కట్టే టైం లేదు. పిల్లలిద్దరూ ఉడతల్లా కిటికీల్లోంచి దూరారు. నన్ను మాత్రం సమ్మయ్య తల ముందు దూర్చి, కాళ్ళు పట్టి తోశాడు. అక్క గడపలో నిలబడి, "నా బొంత జాగ్రత్తరా!" అంది. తమ్ముడు జాగ్రత్త అనలేదు, గమనించగలరు.

పాలకుర్తి దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఒక గేదె అడ్డమొస్తే బ్రేకు వేశాను. పైన కర్రుమని చప్పుడైంది. రెండు సైకిల్ చక్రాలు ముందద్దంలోకి వంగి నన్ను చూశాయి.

"మామా, జారుతున్నయి!"

"జారుతలేవు, సర్దుకుంటున్నయి."

అప్పట్నుంచి బ్రేకు వేయాలంటే భయం. వేస్తే సైకిళ్ళు బానెట్ మీదికి వస్తాయి, సైకిళ్ళు విరిగితే పిల్లల బతుకు అక్కడే ఆగిపోతుంది. ముప్పై దాటకుండా నడిపాను. గతుకుల దగ్గర ఇంకా తగ్గించాను, ఎడ్లబండి వాడొకడు మాతో కాసేపు కబుర్లు చెప్తూ వచ్చాడు. తొర్రూరు దగ్గర పెద్ద రోడ్డు మీద చెట్లు కొట్టి అడ్డం వేశారని తెలిసి, నర్సింహులపేట వైపు తిప్పాను. శైలజ నిమిషానికోసారి గడియారం చూసుకుంటోంది. జ్యోతి సీటు అంచు పట్టుకుని కూర్చుంది. ఇంక పదిహేను కిలోమీటర్లు. టైం పది దాటి ఐదు నిమిషాలు.

మలుపు తిరగ్గానే రోడ్డు మధ్యలో పొగ. వంటావార్పు! ఆ రోజుల్లో అదొక పోరాటం. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినేవాళ్ళు. గిన్నె ఖాళీ అయ్యేదాకా బండి కదలదు. పక్క తండాల వాళ్ళంతా వచ్చినట్టున్నారు, వంద మందికి తక్కువ లేరు. ముందు నిలబడి గంటె పట్టుకుని ఒక పెద్దావిడ అందరినీ అదిలిస్తోంది. ఆమె పొయ్యి మీద పెళ్ళిళ్ళలో వంటకు వాడే పెద్ద గిన్నె, మా వైపు గుండి అంటారు. రాళ్ళేమో చిన్నవి. గుండి అటూ ఇటూ ఒరుగుతుంటే నలుగురు గుడ్డలు చుట్టి పట్టుకున్నారు.

ఒకాయన వచ్చి కారు మీద చరిచాడు. "ఇంజన్ బంజెయ్. దిగు."

"అన్నా, అర్జెంటున్నది..."

"అందరికీ అర్జెంటే. దిగి మాట్లాడు."

"దిగలేనన్నా."

నలుగురు మూగారు. "దిగలేడంట! అద్దం మీద జై తెలంగాణ అని రాసుకున్నడు, రోడ్డు మీద మనతోని కూసోనీకి మాత్రం నామోషి!"

"అయ్యో, నామోషి కాదన్నా..."

గంటె అవ్వ వచ్చేసింది. "ఏందిరా, కారుల కూసొని దర్బార్ నడుపుతున్నవా? కాళ్ళు లేవా నీకు?"

"కాళ్ళున్నయవ్వా. డోర్లు వస్తలేవు."

"ఎందుకు రావు?"

"నేనే కట్టిన."

"నిన్ను నువ్వే కట్టేసుకున్నవా?"

వంద మంది ముందు ఆ ప్రశ్నకు అవునని చెప్పాల్సి వచ్చింది. ఎవరూ నమ్మలేదు. ఎవరైనా నమ్ముతారా, మీరే చెప్పండి. "నాటకమాడుతున్నడు, టైర్లల్ల గాలి తియ్యిండ్రి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నాకు నిజంగా భయమేసింది. గాలి కోసం కాదు, టైం పదింబావు అయింది. నిజం నిరూపించడానికి కిటికీలోంచి తల బయటపెట్టాను. భుజాలు వచ్చాయి. పొట్ట దగ్గర ఆగిపోయాను. ముందుకు రాను, వెనక్కి పోను.

"ముందు జై తెలంగాణ అను," అన్నాడొకడు.

సగం బయట, సగం లోపల వేలాడుతూ పిడికిలెత్తి, "జై తెలంగాణ!" అన్నాను. ఉద్యమంలో ఇంకెవరూ ఆ భంగిమలో నినాదం ఇచ్చి ఉండరు.

అంతలో అటు కిటికీలోంచి జ్యోతి దూకేసింది. గంటె అవ్వను చూసి వాళ్ళ భాషలో గడగడా ఏదో చెప్పింది. ఆ అవ్వ ఊరు జ్యోతి చిన్నమ్మను ఇచ్చిన తండానే అట. అవ్వ ముఖం మెత్తబడింది. మమ్మల్ని చూసింది, సైకిళ్ళను చూసింది, ఆ తర్వాత చాలాసేపు నా కడ్డీలను చూసింది. నా ఎంపిక ఆమెకు నచ్చిందని లోలోపల కాస్త మురిశాను కూడా.

"సైకిల్ పందెమా?" అంది నాతో. "మరి సైకిళ్ళను కారెందుకు ఎక్కించినవ్ కొడుకా?"

"బంద్ కద అవ్వా, దారిల ఆపుతరని..."

"ఆపేది కార్లను. సైకిల్‌కు బంద్ ఏంది? నడిచెటోళ్ళను, సైకిలోళ్ళను ఎన్నడన్న ఆపినమా?"

జనం గొల్లుమన్నారు. నాలుగు రోజులు బొమ్మలు గీశాను, బాణాలు వేశాను, ఈ ఒక్క మాట నాకు తట్టలేదు. ఆ రోడ్డు మీద పోనివ్వని వస్తువు నా కారు ఒక్కటే. పోనిచ్చే వస్తువులు రెండింటినీ తీసుకెళ్ళి దాని నెత్తిన కట్టాను.

"విప్పుండ్రి!" అంది అవ్వ. ముడి ఎవరికీ రాలేదు. ఆ ఘనత నాదే. చివరికి కొడవలి తెచ్చి తాళ్ళు కోసేశారు. డోర్లు తెరుచుకున్నాయి, ఇద్దరు కలిసి నన్ను కిటికీలోంచి ఊడలాగారు. సైకిళ్ళు దిగాయి. శైలజ చైన్ చూసుకుంది, జ్యోతి టైర్లు నొక్కి చూసింది. జనం రెండు పక్కలకూ జరిగి దారిచ్చారు.

"మామా, నువ్వు?" అంది శైలజ.

"నేనెనక వస్త. మీరు పోండ్రి, ఉరకండ్రి!"

పదీ ఇరవై. పిల్లలిద్దరూ పొగలోకి దూరి అటు తేలారు. అవ్వలు, అన్నలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వెనక్కి తిరిగేసరికి నా కడ్డీలు లేవు. పొయ్యి రాళ్ళ మీద అడ్డంగా పడుకుని ఉన్నాయి. వాటి మీద గుండి నిటారుగా కూర్చుంది. అక్క బొంత నాలుగు మడతలై, దించేటప్పుడు పట్టుకోవడానికి మసిగుడ్డ అయింది. అవ్వ తృప్తిగా కలుపుతూ, "మంచి కడ్డీలు తెచ్చినవ్ కొడుకా," అంది. ఆ నాలుగు రోజుల్లో నన్ను మెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే.

విస్తట్లో కిచిడీ పెట్టారు. ముద్ద దిగలేదు. పదకొండు దాటింది, పదకొండున్నర దాటింది. దారిలో పంచరైతే? చైను తెగితే? కోచ్ ముందే లారీ ఎక్కేస్తే? అక్కకు ఏ ముఖం చూపించను? పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా ఫోన్ మోగింది.

"మామా, తీసుకున్నరు!"

"ఎవర్నే?"

"ఇద్దర్ని! గేటు మూస్తుంటే పోయినం. దుమ్ము కొట్టుకొని పోయినమా, కోచ్ సార్ మమ్మల్నే చూసిండు. మిగిలినోళ్ళంత బండ్లు దిగి చల్లటి కాళ్ళతోని వచ్చిన్రు, మీరిద్దరే ఒళ్ళు వేడి చేసుకొని వచ్చిన్రు, గిట్ల చెప్పిన ట్రైనర్ ఎవరు అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"మా మామ అన్న. కలుస్త, ఏడున్నడు అన్నడు. కిటికీల ఇరుక్కున్నడని చెప్పలేదు మామా. మీటింగుల మాట్లాడుతున్నడని చెప్పిన."

కళ్ళ నీళ్ళు వచ్చాయి. అవ్వ చూస్తే పొగ అన్నాను. పొయ్యి అప్పటికి ఆరిపోయి ఉంది. విస్తరి ఖాళీ చేసి ఇంకోసారి పెట్టించుకున్నాను.

కడ్డీలు అడగడానికి నోరు రాలేదు. బొంత గురించి అక్క ఇప్పటికీ అడుగుతూనే ఉంది. పిల్లలిద్దరూ పెద్దవాళ్ళయ్యారు, ఇద్దరికీ కార్లున్నాయి, వాటి మీద సైకిళ్ళు పెట్టుకునే కడ్డీలు కూడా ఉన్నాయి. కొనేటప్పుడు నన్ను సలహా అడగలేదు. నేనూ ఆ ఆదివారం సాయంత్రమే సమ్మయ్య షాపులో, గాలి పంపు మీద కుడిచెయ్యి పెట్టి, పంచరు వేసేవాడి సాక్షిగా ప్రమాణం చేశాను: చక్రాలున్న దాన్ని చక్రాలున్న దాని మీద ఈ జన్మలో ఎక్కించను, ఒకవేళ ఎక్కించినా నేను మాత్రం బయటే ఉంటాను.

ఆ కడ్డీల మీదే ఇప్పటికీ ఆ తండాలో పెళ్ళి వంటలన్నీ అవుతాయని మొన్న జ్యోతి చెప్పింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా జారలేదట.