చెవుల మేస్త్రి ఇంటి నేల

టైల్స్ వేసేవాళ్లు ఊరినిండా ఉన్నారు గానీ, టైలు మాట్లాడితే వినేవాడు ఒక్కడే. అందుకే అతన్ని అందరూ చెవుల మేస్త్రి అంటారు. చూడ్డానికి ఆ చెవులు ఏమంత గొప్పవి కావు. ఒకటి ముడుచుకుపోయి ఉంటుంది, రెండోది పెన్సిలు మోసీ మోసీ ముందుకి వంగిపోయింది. వాటి పనితనం మాత్రం అలాంటిలాంటిది కాదు. ఒకసారి వీధిలో నిలబడి, లోపల ఇంటాయన చెప్పులేసుకుని హాల్లో నడిచే చప్పుడు విని, "సోఫా కింద ఒకటి బోలుగా ఉందండీ, చూసుకోండి" అని కేకేసి తన దారిన తను పోయాడట. సోఫా జరిపి చూస్తే ఉండనే ఉంది. పుచ్చకాయల బండివాడైతే మేస్త్రి దూరంగా కనబడగానే కాయల మీద గోనెపట్టా కప్పేస్తాడు. ఒక్కోటీ వేలితో కొట్టి పచ్చివన్నీ ఒక పక్కకి నెట్టేసి పోతే, ఆ తర్వాత వాటి మొహం చూసేవాడు ఉండడని వాడి ఏడుపు. రేపు కూతురికి సంబంధం వస్తే, కుర్రాడి నెత్తిన తాపీ పిడితో ఓ దెబ్బ వేసి చూసిగానీ మా బావ ఊ అనడని బావమరిది పదిమందిలో చెప్పి నవ్విస్తుంటాడు. ఇందులో సగం కోతలే అనుకున్నా, మిగతా సగం చాలు ఒక మనిషికి.

టైలు కింద సిమెంటు మాలు నిండుగా పరచకపోతే అడుగున ఖాళీ ఉండిపోతుంది. దాన్నే బోలు అంటారు. పైకి కనబడదు. బరువైన బీరువా పెట్టిన రోజున పుటుక్కుమంటుంది. అందుకని పని అయ్యాక తాపీ తిరగేసి, దాని చెక్క పిడితో ఒక్కో టైలూ కొట్టి చూస్తారు. నిండుగా ఉంటే టక్కుమంటుంది, ఖాళీ ఉంటే డొల్లగా పలుకుతుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. మేస్త్రికి పని నేర్పిన పెద్దమేస్త్రి దగ్గర మాత్రం ఇంకో పద్ధతి ఉండేది. ఆయన వరసగా కొట్టుకుంటూ వస్తుంటే, వేసినవాడు పక్కన నిలబడి ఒక్కోదానికీ "నిండు" అని పైకి చెప్పాలి. మనసులో అనుకుంటే చెల్లదు. చెప్పేదాకా ఆయన తర్వాతి టైలుకి కదిలేవాడు కాదు. వాన పడనీ, అన్నం చల్లారిపోనీ, అక్కడే గొంతుక్కూర్చునేవాడు. గోడవారన కోసి అతికిన సగం ముక్కల మీద మాత్రం రెండేసి దెబ్బలు వేసేవాడు, ఎందుకంటే దొంగపని దాగేది అక్కడే. నిండు అన్నవాడు ఆ టైలుకి ఉన్నంతకాలం పూచీ. తను వెయ్యనిదానికి నిండు అని చెప్పడం ఆ జట్టులో తల్లి మీద ఒట్టేసి తప్పడంతో సమానం. పెద్దమేస్త్రి పోయి చాలాకాలమైంది. మేస్త్రి ఇప్పటికీ ఒంటరిగా పని చేసినా, కొట్టి చూసుకుంటూ తనకి తనే నిండు, నిండు అనుకుంటూ పోతాడు. కొత్తవాళ్లు అతను పూజ చేస్తున్నాడనుకుంటారు.

అతని సొంతిల్లు రెండు గదులు, వెనకాల వంటగది, ఆ వెనక పెరటి తలుపు. నేలంతా మిగులు టైల్సే. ఎక్కడ పని చేసినా మిగిలినవి ఒకటో రెండో అడిగి తెచ్చుకుని పరిచాడు. ఒకటి తెలుపు, దాని పక్కనే ఇటుక రంగు, ఆ పక్కన పూలున్నది. చూసినవాళ్లకి కళ్లు తిరుగుతాయి గానీ మేస్త్రికి మాత్రం అది ఊరి పటం. ఇది బట్టల కొట్టువాళ్ల మెట్లది, ఇది ఆసుపత్రి వరండాది, ఇది ఆ ముసలి లాయరు స్నానాలగదిది అని వేలు పెట్టి చెప్పగలడు. "మనింట్లో నడుస్తుంటే నలుగురి ఇళ్లలో దూరినట్టుంటుంది" అని భార్య దెప్పుతుంటుంది.

అలాంటి ఇంట్లో ఒక రాత్రి మేస్త్రికి మెలకువ వచ్చింది. ముందుగదిలో ఎవరో నేల కొట్టి చూస్తున్నారు.

టక్. ఆగి, టక్. మళ్లీ ఆగి, టక్. వీధి తలుపు దగ్గర మొదలై గోడవెంట వస్తోంది. కలేమో అనుకున్నాడు. గోడవార సగం ముక్కల దగ్గరికొచ్చేసరికి టక్ టక్ అని రెండు దెబ్బలు పడ్డాయి. మేస్త్రి లేచి కూర్చున్నాడు. దొంగ అయితే కేకలేసేవాడు. ఎలుకైతే తిట్టి పడుకునేవాడు. సగం ముక్క మీద రెండు కొట్టే ఎలుక ఏ లోకంలో ఉంది? చప్పుడు గది మధ్యకి వచ్చి ఒకచోట డొల్లగా పలికింది. ఆగింది. మళ్లీ అక్కడే కొట్టింది. మళ్లీ అక్కడే. అడుగుతున్నట్టు. పక్కన భార్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. లేపుదామని చెయ్యి చాపాడు గానీ, ఆ చెయ్యి అంత దూరం వెళ్లలేకపోయింది.

తెల్లవారాక తలుపు గడియ వేసింది వేసినట్టే ఉంది. కిటికీలు సరే. తాపీ సంచిలోనే ఉంది, దాని పిడి మీద తడి కూడా లేదు. భార్యనడిగితే, "నాకేం వినబడలేదు. నువ్వు రాత్రి రెండుసార్లు వడ్డించుకున్నావు, పొట్ట కొట్టుకుని ఉంటుంది" అంది.

బావమరిది కరెంటు పని చేస్తాడు. వచ్చి స్విచ్చిబోర్డులన్నీ విప్పి చూశాడు, ఎందుకో అతనికే తెలియదు.

"పైపులో గాలి బావా."

"గాలి వరసలో నడుస్తుందిట్రా?"

"బల్లి."

"బల్లికి తాపీ ఎవడిచ్చాడు?"

"అయితే ఇంక పెద్దమేస్త్రే. నీ పని చూసుకుందామని వచ్చుంటాడు. కాఫీ అయినా ఇచ్చావా లేదా?"

అది విని మేస్త్రి నవ్వలేదు. పెద్దమేస్త్రి అయినా బాగుండుననే అనుకున్నాడు.

బావమరిది వెళ్లాక గది మధ్యలో కూర్చుని, రాత్రి చప్పుడు ఆగిన చోటు వెతికాడు. పిడితో కొడితే ఒక బూడిదరంగు టైలు డొల్లగా పలికింది. తన ఇంట్లో బోలు! సిగ్గుతో చుట్టూ చూశాడు. ఇది ఎవరింటిదబ్బా అని ఆలోచించాడు. గుర్తు రాలేదు. పక్కది బడిది, ఇవతలిది రొట్టెల బట్టీవాళ్లది, ఇది మాత్రం ఎవరిదీ కాదు. ఊళ్లో ప్రతి గడపా తలుచుకున్నాడు. ఈ రంగు టైలు తను ఎక్కడా వెయ్యలేదు.

ఉలి పెట్టి లేపాడు. కింద మాలు ఎండి ఉంది. టైలు బాగా పట్టుకోడానికి మాలు మీద తాపీ మొనతో గీతలు గీస్తారు. మేస్త్రివి నిలువు గీతలు, పెద్దమేస్త్రి నేర్పినవి, ఆ జట్టులో అందరివీ అవే. ఈ టైలు కింద ఉన్నవి గుండ్రటి గీతలు. లోపలికి చుట్టుకుంటూ, చుట్టుకుంటూ, మధ్యలో ఒక వేలి గుంట.

భార్యని పిలిచి చూపించాడు. ఆవిడ చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని వంగి చూసింది. "ఎప్పుడో నిద్రమత్తులో నువ్వే వేసుంటావు" అంది.

"నా చేతి గీత నాకు తెలీదా?"

"మరి నీ ఇంట్లో ఇంకెవడేస్తాడు?"

టైలు లేపిన దగ్గర్నుంచీ మేస్త్రిని తినేస్తున్న మాట సరిగ్గా అదే.

పాత మాలంతా గోకి పారేసి, కొత్త మాలు కలిపి, నిలువు గీతలు గీసి, అదే టైలు తన చేత్తో వేశాడు. టక్కుమంది. ఆ రాత్రి కూడా చప్పుడు వచ్చింది. అదే వరస, అదే చోటు. ఇప్పుడు డొల్లగా లేదు, నిండుగానే పలుకుతోంది, అయినా అక్కడే ఆగి కొడుతోంది.

దాంతో మేస్త్రికి ఇల్లంటే భయం పట్టుకుంది. నేల మీద అడుగు పెట్టేముందు నీళ్లలో దిగేవాడిలా కాలివేళ్లతో తడిమేవాడు. చెయ్యి కడుక్కోడానికి లేచినా గోడ పట్టుకుని నడిచేవాడు. సిమెంటు బస్తాలకి కాపలా అన్న వంకతో కట్టుబడి ఇళ్లలో పడుకోవడం మొదలుపెట్టాడు. తలుపుల్లేని ఆ ఇళ్లలో హాయిగా గుర్రుపెట్టేవాడు, గడియ ఉన్న సొంతింట్లో మాత్రం కన్ను మూతపడేది కాదు. తను లేని రాత్రులు భార్య ఒక్కతే ఆ ఇంట్లో ఉంటోందన్న సంగతి గుర్తొస్తే అన్నం సహించేది కాదు. అక్కా, మా ఇంటికొచ్చెయ్యి అని తమ్ముడు పిలిచినా ఆవిడ కదల్లేదు.

ఇంతలో హాస్టల్లో చదువుకుంటున్న కూతురు సెలవులకి వస్తున్నానని ఫోను చేసింది. పిల్ల పడుకునేది ముందుగదిలోనే, నేల మీద పరుపేసుకుని. తల పెట్టేది సరిగ్గా ఆ బూడిదరంగు టైలు మీద.

ఆ మధ్యాహ్నం మేస్త్రి పని మధ్యలో వదిలేసి, పెద్ద సుత్తి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. భార్య గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"యుద్ధానికా?"

"లే. నేలంతా తవ్వేస్తాను. ఒట్టి సిమెంటు చేస్తా. పిల్ల వచ్చేలోపు అయిపోవాలి."

ఆవిడ చేట పక్కన పెట్టి, నిదానంగా వెళ్లి ఆ బూడిదరంగు టైలు మీద మఠం వేసుకుని కూర్చుంది. "తవ్వితే ఏం కొడుతుంది? గోడలా?"

మేస్త్రి సుత్తి దించాడు. "ఏమన్నావు?"

ఆవిడ టైలు అంచు వెంట వేలితో గీస్తూ కూర్చుంది.

"ఏమే, నిన్నే. ఏం కొడుతుందన్నావు?"

"నువ్వు లేని రాత్రుల్లో కూడా వస్తుంది మేస్త్రీ. తలుపు దగ్గర మొదలెడుతుంది. గోడవార రెండేసి. ఇక్కడికొచ్చి ఆగిపోతుంది." తలెత్తకుండానే చెప్పింది. "మొదటి రాత్రి నీకంటే ముందు నేనే విన్నాను."

"మరి వినలేదన్నావు! నాకు పిచ్చెక్కిందని మీ తమ్ముడు ఊరంతా చాటుతుంటే పళ్లికిలించి ఊరుకున్నావు!"

"నువ్వొక్కడివే విన్నంతసేపూ అది నీ పిచ్చి. పిచ్చికి మందుంటుంది. నేను కూడా విన్నానంటే, ఇంక అది నిజంగా ఉన్నట్టేగా? ఆ తర్వాత ఎక్కడికి పోతాం?"

తనని ఎవరైనా నమ్మితే చాలని ఇన్నాళ్లూ ఊరంతా తిరిగినవాడు, నమ్మిన మనిషి ఎదురుగా కూర్చునేసరికి గడగడ వణికిపోయాడు. మిట్టమధ్యాహ్నం, వీధిలో ఎండ ఫెళ్లుమంటోంది. ఇద్దరూ ఆ రంగురంగుల నేల మధ్య, దీవిలో చిక్కుకున్నవాళ్లలా కూర్చున్నారు.

ఆవిడ టైలు మీద అరచెయ్యి ఆనించింది. "ఎందుకు ఆగుతుందంటావు ఇక్కడ? ఏదో అడుగుతున్నట్టుంటుంది నాకు."

మేస్త్రి చటుక్కున తలెత్తాడు. ఊళ్లో అందరి టైల్స్ మాటలూ విన్న ఆ చెవులకి ఇన్నాళ్లూ ఇది తట్టనే లేదు. కొట్టినవాడు బదులు కోసం ఆగుతాడు. బదులు చెప్పేదాకా కదలడు.

"మిగతావాటికి వేసిన రోజే చెప్పాను. దీనికి నిండు అని చెప్పలేదే నేను" అన్నాడు.

"అయితే చెప్పు."

"వెయ్యనిదానికి ఎలా చెప్పను?"

"మళ్లీ వేశావుగా నీ చేత్తో? ఇప్పుడది నీది కాదా?"

ఆ మాటకి బదులు వెతుక్కుంటూనే సాయంత్రమైపోయింది. కూతురు పొద్దున్న బండికి దిగుతుంది. ఆ రాత్రి ఇద్దరూ ముందుగదిలోనే పరుపు వేసుకున్నారు, దీపం ఆర్పకుండా. దీపం వెలుగుతుంటే రాదేమోనని ఒక ఆశ.

వచ్చింది. కనబడింది మాత్రం ఏమీ లేదు. ఖాళీ నేల, దాని మీద ఒక్కో టైలు దగ్గరా లేస్తున్న చప్పుడు. తలుపు, గోడవార, రొట్టెల బట్టీ, బడి. వాళ్ల తలల పక్కకి వచ్చి ఆగింది. టక్. మేస్త్రి భార్య వంక చూశాడు. టక్. భార్య అతని ముంజేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది.

"నిండు" అన్నాడు మేస్త్రి.

ఆ తర్వాత, టక్. పక్క టైలు మీద.

"పోలేదేం?" అంది భార్య గుసగుసగా.

"పోదు. ఇల్లంతా అయ్యేదాకా కొడతాడు. ఒక బోలు దొరికాక మిగతా ప్రతిదానికీ మళ్లీ చెప్పాలి."

"నిండు" అన్నాడు. చప్పుడు జరిగింది. "నిండు." మళ్లీ జరిగింది. లోపలిగదిలోకి వెళ్లింది. వీళ్లు లేచి దాని వెనకాలే వెళ్లారు, ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని. బట్టల కొట్టు మెట్లు నిండు, ఆసుపత్రి వరండా నిండు, లాయరుగారి స్నానాలగది నిండు. మేస్త్రి గొంతు పూడుకుపోతే భార్య అందుకుంది. ఆవిడ ఒక్క టైలూ వెయ్యలేదు నిజమే. కానీ ఈ ఇంటికి మాలు కలిపింది, నీళ్లు మోసింది, తడి ఆరేదాకా పిల్లని చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడింది. ఆవిడ నిండు అన్నా చప్పుడు ఒప్పుకుని జరిగింది.

వంటగది కూడా అయిపోయి, పెరటి తలుపు దగ్గర ఆఖరి సగం ముక్క మీదకి వచ్చేసరికి బయట కాకులు మొదలయ్యాయి. టక్ టక్. రెండు దెబ్బలు.

"నిండు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అంతే. ఇంక లేదు. భార్య అక్కడే గోడకి చేరగిలబడి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా కొంగు మొహానికి కప్పుకుంది.

కూతురు వచ్చి సంచి దించీదించగానే, "అదేంటమ్మా, ఇద్దరి గొంతులూ అలా బొంగురుపోయాయి?" అంది.

"మీ నాన్నకి ఒక మాట వందసార్లు చెబితేగానీ ఎక్కదుగా" అంది తల్లి, కాఫీ కలుపుతూ. పిల్ల పడీపడీ నవ్వింది.

ఆ రాత్రి పిల్ల ముందుగదిలోనే పడుకుంది. చప్పుడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మేస్త్రి ఇంటికే వస్తున్నాడు, ఇంట్లోనే పడుకుంటున్నాడు, గుర్రు కూడా పెడుతున్నాడని భార్య ఫిర్యాదు. ఒక్క విషయం మాత్రం అతను ఆవిడతో అనలేదు. ఆవిడా అతనితో అనలేదు. అయినా పడుకునేముందు ఇద్దరి చూపులూ ఒకే చోటికి పోతాయి. ఆ తెల్లవారుజామున ఆఖరి టైలు అయిపోయాక, పెరటి తలుపు గడియ తీసుకుని అది బయటికి పోయిన చప్పుడు వాళ్లిద్దరిలో ఎవరికీ వినబడలేదు.