చక్రాల ఇంటికి న్యాయమైన ధర

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు పెద్దలు. నేను అమ్మబోయి, ఆ అడవికి నా చేత్తోనే కొరివి పెట్టాను. పెనుకొండలో నా ఈడు వాళ్లు ఇంకా నలుగురు మిగిలారు. నలుగురూ ఇప్పటికీ నన్ను చూస్తే చాలు, భుజం మీది తువ్వాలు తీసి విదిలిస్తారు. ఒక మనిషి చేసిన తప్పును అరవై ఏళ్లు ఇంత భద్రంగా దాచుకున్న ఊరు ఇంకొకటి ఉంటుందా, మీరే చెప్పండి! వాళ్లు వంకరగా చెప్పేకన్నా నేనే తిన్నగా చెప్పుకుంటాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బడి మొహం చూసింది రెండేళ్లే. మిగతా చదువంతా అంగట్లో చక్కెర పొట్లాలు విప్పి చదువుకున్నదే. పొట్లం కాగితంలో సగం చిరిగిన లెక్క కనబడితే, మిగతా సగం నేనే కల్పించి పూర్తిచేసేవాణ్ణి. కాబట్టి నాకు రాని లెక్క లోకంలో లేదని నా నమ్మకం.

మా చేను బెంగళూరు రోడ్డు పక్కన. కొండల్లో రాళ్లు పరీక్ష చేసే దొర ఒకాయన రెండేళ్లు మా చేని గట్టున మకాం ఉన్నాడు. జీపు వెనక కట్టి లాగే చక్రాల ఇల్లు ఆయనది. దాన్ని కారవాన్ అనేవాడు. స్వదేశానికి పోతూ, మేము పోసిన పాలకూ ఇచ్చిన చోటుకూ బదులుగా దాన్ని మా నాయనకే వదిలి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ ఇంటి వైభవం ఏమని చెప్పను! గోడలోంచి మంచం దిగేది. మంచం గోడలోకి పోతే ఆ చోట బల్ల మొలిచేది. బావి లేదు, బొక్కెన లేదు, కొళాయి తిప్పితే నీళ్లు! ఊరు ఊరంతా వచ్చింది. మెట్టు దగ్గర చెప్పులు విడిచి, ఊపిరి బిగబట్టి లోపలికి తొంగిచూసేవాళ్లు. మా అవ్వ ఆ గోడను తాకి, చేయి కళ్లకద్దుకుంది.

"ఏమబ్బా, ఈ ఇంటికి వాకిలి ఏ దిక్కు?" అని అడిగింది.

"నువ్వు ఏ దిక్కంటే ఆ దిక్కే అవ్వా. తిప్పుకుంటే సరి."

"అయ్యో నా తండ్రీ! దేవునికి కూడా రథం ఉండాది గాని, రథంలో పొయ్యి యాడుండాది!"

మా నాయనకు మాత్రం ఆశ్చర్యపోయే తీరిక లేదు. ఆ వేసవిలో జబ్బు చేసి మా కాడెద్దులు రెండూ చచ్చిపోయాయి. తొలివానకు ఎద్దులు లేకపోతే చెనిక్కాయలు విత్తలేము. విత్తకపోతే ఆ యేడు పొయ్యి వెలగదు.

"ఏడు నూర్లన్నా రావల్ల ఓబుళేసూ. అంతకు తక్కువైతే హిందూపురం సంతలో మంచి జత దొరకదు. బేరం నేను చూసుకుంటా, నువ్వు గమ్మునుండు" అన్నాడు నాయన.

గమ్మునుండటం పొట్లాల్లో ఎక్కడా రాయలేదే!

"ఎవరికి తోచిన ధర వాళ్లు చెప్తే ఎట్ల నాయనా? ప్రతి వస్తువుకూ న్యాయమైన ధర ఒకటి ఉంటాది. అది నేను తేలుస్తా."

మూడు రోజులు తేల్చాను. ఇంటిని జానలతో కొలిచాను. హిందూపురం పోయి పాత ఇనుము ధర, పాత టైరు ధర అడిగి వచ్చాను. అద్దాలు లెక్కపెట్టాను. దొర పొర్లి పొర్లి అణగదొక్కిన పరుపుకు పదిహేను రూపాయలు కోశాను. చివరికి తేలింది, ఆరునూట నలభై రెండున్నర.

"మనకు ఏడు నూర్లు కావల్ల గదరా!"

"మన అక్కర వేరు, ధర వేరు నాయనా. రూపాయి ఎక్కువ తీసుకుంటే పాపం, తక్కువకిస్తే తిక్క."

సుడి బాగలేని కోడెను చూసినట్టు చూశాడు నాయన నన్ను.

ఆయన ఎద్దులను చూసి రావడానికి పరిగికి పోయిన రోజే, ధర్మవరం నుంచి పట్టుచీరల రంగప్ప దిగాడు. పెండ్లిళ్ల కాలంలో ఊరూరా తిరిగి చీరలమ్మే మనిషి. లోపలికి పోయి మంచం దించాడు, ఎత్తాడు, మళ్లీ దించాడు. బయటికి వచ్చినప్పుడు ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. మాట లేకుండా భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుని, ఆ చేయి నా ముందుకు చాపాడు. అప్పటికే చుట్టూ సగం ఊరు ఉంది.

మా వైపు పెద్ద బేరాలు నోటితో జరగవు. తువ్వాలు కింద చేయీ చేయీ కలుస్తాయి, పట్టుకున్న వేళ్లే మాట్లాడతాయి. ఒక్కో వేలు ఒక్కో నూరు. ఎంతమంది చూస్తున్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. ఇదంతా నాకు తెలుసు. ఇంతవరకే తెలుసు.

రంగప్ప నా అయిదు వేళ్లూ కలిపి పట్టాడు. అయిదు నూర్లు! నేను తల అడ్డంగా ఊపేలోపే వదిలేసి, మళ్లీ నాలుగు వేళ్లు పట్టి గట్టిగా నొక్కాడు.

నా ఒళ్లు మండింది. అయిదు చాలదంటే నాలుగుకు దిగుతాడా! తువ్వాలు లాగి నేలకు కొట్టాను.

"చాటుమాటు బేరం నాకొద్దన్నా! అందరి ముందర చెప్తాండా, విను. ఆరునూట నలభై రెండున్నర! ఒక్క అర్ధరూపాయి తగ్గినా ఈ బండి కదలదు!"

ఊరు నోరు తెరిచింది. రంగప్ప ముఖం, అడగని వరం దొరికిన భక్తుడి ముఖంలా అయింది.

"అర్ధరూపాయి కూడా తగ్గవా?"

"తగ్గను!"

"ఇదేనా కడామాట?"

"ఇదే!"

"శానా గట్టోడివప్పా నువ్వు. నీతో నేను గెలవలేను" అంటూ, అర్ధరూపాయితో సహా అక్కడికక్కడే డబ్బు చేతిలో పెట్టి, బేరం ఖాయమైనందుకు గుర్తుగా ఆకు వక్క ఇచ్చి, బాడుగ లారీకి ఇంటిని కట్టించుకుని పోయాడు. పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి దండం పెట్టాడు. నా గొప్పతనానికే అనుకున్నాను.

సాయంత్రం నాయన వచ్చాడు.

"ఎన్ని వేళ్లు పట్టినాడు?"

"ముందు అయిదు, వెంటనే నాలుగు. నాలుగుకు దిగినోణ్ణి ఆరు దాటించినా నాయనా!"

నాయన నెమ్మదిగా కూర్చున్నాడు.

"దిగలేదు కొడకా. అయిదు పట్టినాక నాలుగు పడితే రెండూ కలుపుకోవల్ల. దేవుడు చేతికి ఇచ్చిందే అయిదు వేళ్లు. తొమ్మిది నూర్లు చెప్పల్లంటే వాడు ఇంగెట్ల చెప్తాడు?"

పొట్లాల్లో భాగహారం దాకా పోయిన నాకు, కూడిక ఉన్న పొట్లమే దొరకలేదు!

"పోయి అడుగుదామా నాయనా?"

"ఆకు వక్క నమిలినాక యాడికి పోయి అడుగుతావు?"

మరుసటి సంతకు హిందూపురం పోయాము. నాయన తువ్వాలు కప్పి, పెనుకొండ కోటగోడలాంటి ముఖం పెట్టుకుని ఆరుగురితో బేరమాడాడు. ఒక్క మాట లేదు, ఒక్క కనుబొమ్మ కదల్లేదు. నోరు తెరుచుకుని చూశాను. అంత గొప్ప చదువు నా పక్కనే పెరుగుతుంటే నేను పొట్లాలు విప్పుకుంటూ కూర్చున్నాను! ఉన్న డబ్బుకే జత దొరికింది. చెనిక్కాయలు వేళకే విత్తాము, ఆ యేడు తిన్నాము కూడా. జతలో ఒకటి బంగారం. రెండోది మాత్రం మూడో సాలుకే చేలో పడుకునేది. ఏడు నూర్ల జతలో అట్లాంటిది ఉండదని నాయన రోజూ చెప్పేవాడు. దానికి పేరు కూడా ఆయనే పెట్టాడు.

"రేయ్ ఓబుళేసూ! నీ అర్ధరూపాయి మళ్లా పడుకునింది, వచ్చి లేపు!"

రోడ్డున పోయే బస్సుల వాళ్లకు కూడా వినబడేలా ఏడేళ్లు ఆ కేక విన్నాను. ఏడేళ్లు దాని తోక మెలిపెట్టి లేపాను.

అందుకే ఆ తోక మీద ఆన పెట్టి చెప్తున్నాను. ఈ జన్మలో ఇంకే వస్తువుకూ న్యాయమైన ధర కట్టను. ఎవరైనా నా చేయి పట్టుకుంటే వదిలేదాకా నోరు విప్పను. వదిలి మళ్లీ పట్టుకుంటే, కూడుకుంటాను.