మా మేనత్త నిలబెట్టిన ఊరు

మా మేనత్త ముప్ఫై రెండేళ్లు ఒక పెద్దాసుపత్రి వంటశాలలో స్టోరు చూసింది. ఏ వార్డుకి ఎంత పిండి, ఎన్ని పాలు వెళ్లాలో తూచి పంపడం ఆమె పని. అందరూ స్టోరమ్మ అనేవారు. మూటని ఒక్కసారి చేత్తో ఎత్తి బరువు చెప్పేసేది. కాటా కూడా ఆమెని చూసి సర్దుకుంటుందని వంటవాళ్లు నవ్వుకునేవారట.

రిటైరైన మరుసటి ఏడు పక్షవాతం వచ్చింది. మాట, నడక మెల్లగా తిరిగొచ్చాయి గాని కుడిచెయ్యి మొరాయించింది. ఫిజియోథెరపిస్టు ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమంది. రెండ్రోజులు పిసికి, మూడోరోజు దాన్ని బీరువా కిందికి దొర్లించేసింది అత్త. పసిపిల్లలా బంతితో ఆడుకోనంది. ఇంక ఏదీ చెయ్యనంది కూడా. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఒళ్లో ఉన్న తన చేతిని పరాయివాళ్ల వస్తువులా చూసుకునేది.

నేను ఇంట్లోనే కంప్యూటరు మీద నీటిగొట్టాల పటాలు గీస్తాను. ఆ చెయ్యి మౌసు పట్టుకుంటే బంతి చేసే పనే అవుతుందని ఫిజియోథెరపిస్టు అన్నాక, చదువుకునే రోజుల్లో నేను ఆడిన ఒక ఆట తీశాను. మంచుమైదానంలో ఆకాశనౌక కూలి ఐదుగురు బతికి బయటపడతారు. వాళ్ల చేత కట్టెలు కొట్టించి, ఇల్లు కట్టించి, పంట వేయించి, చలికాలం దాటించాలి. గెలుపంటూ వేరే ఏమీ లేదు, బతికుండటమే గెలుపు.

అత్త తెరవైపు అనుమానంగా చూసింది. "వీళ్లకి తిండి ఎవరు పెడతారే?" అంది.

"నువ్వే అత్తా."

అంతే, కుర్చీ ముందుకి జరుపుకుని మౌసుని రెండు చేతులతో పట్టుకుంది.

నా సలహా ఏదీ వినలేదు. ఐదుగురినీ ఒకే పనిలో పెట్టి, ఆసుపత్రి వార్డంత పొడుగు హాలు మొదలుపెట్టింది. అందులో రెండు వరసల మంచాలట. గోడలు సగం లేచేసరికి వాన వచ్చింది. ఆరుబయట కుప్పపోసిన తిండి కుళ్లింది. ఆకలికి ఒకడు గొడ్డలి పారేసి నేలమీద కూలబడ్డాడు. తొలిమంచు పడేనాటికి ఒక్కరూ మిగల్లేదు. అత్త లేచి వెళ్లి పడుకుంది. ఉన్న దిగులు చాలదన్నట్టు ఇంకోటి నెత్తికెత్తానని నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే వచ్చి నిలబడింది. "స్టోరు కట్టకుండా వార్డు కట్టాను. ముప్ఫై రెండేళ్లు చేసిన పని నాకే గుర్తు రాలేదు చూడు. మళ్లీ పెట్టు," అంది.

ఈసారి నేను చెప్పింది విని ఎడంచేత్తో కాయితం మీద రాసుకుంది. మొదలుపెట్టగానే ఆట ఆపి, ఎవరికి ఏ పని వచ్చో చూసుకోవాలి. గదులు చిన్నవైతే త్వరగా వెచ్చబడతాయి. చలి రాకముందే పంట చేతికి అందేలా విత్తాలి. ఆటని మధ్యలో ఆపే బటన్ అత్తకి తెగ నచ్చింది. ఉద్యోగంలో ఇలాంటిది ఒకటుంటే సూపరింటెండెంటుగారు మాట్లాడేటప్పుడు వాడుకునేదాన్నంది. ఇక మిగతాదంతా ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. ముందు కప్పున్న చిన్న స్టోరు కట్టించింది. త్వరగా పాడయ్యేవి గుమ్మం దగ్గర, నిలవుండేవి లోపల పెట్టించింది. ఐదుగురికీ ముద్దుపేర్లు పెట్టింది. వాళ్లలో ఎప్పుడూ సణుగుతూ ఉండే ఒకడు గొణుగుడయ్య అయ్యాడు. వాడి దగ్గర కూర్చుంటే మిగతావాళ్ల మనసు పాడవుతోందని, ఒంటరిగా ఉండే పని అప్పగించింది. కట్టెలు కొట్టడం, పెద్ద పొయ్యి ఆరకుండా చూడటం.

నెల తిరిగేసరికి మౌసు రెండు చేతుల్లోంచి ఒక్క కుడిచేతిలోకి వచ్చింది. అత్త గమనించలేదు. నేను గమనించి, ఎక్కడ దిష్టి తగులుతుందోనని నోరు మెదపలేదు.

ఆటలో చలికాలం నడిమధ్యకొచ్చింది. స్టోరు నిండుగా ఉంది, అందరికీ మంచాలున్నాయి. అప్పుడు గొణుగుడయ్యకి జ్వరం వచ్చింది. పొయ్యి పని ఇంకెవరికీ అప్పగించలేదు కాబట్టి అది ఆరిపోయింది. గదులు చల్లబడ్డాయి, వంట ఆగింది, నిండు స్టోరు పక్కనే నలుగురూ వణుకుతూ కూర్చున్నారు. అత్త ఆట ఆపేసింది.

"బాయిలర్ మేస్త్రి," అంది.

ఎవరో నాకు తెలుసు. ఆసుపత్రిలో ఆవిరి బాయిలరు నడిపిన మనిషి. బాయిలరు బూడిద తన పిండిమూటల మీద పడుతోందని అత్త ఆయనతో పోట్లాడని వారం లేదు. ఆ పోట్లాటలు మా ఇంట్లో కథలుగా వింటూ పెరిగాను. ఆరోజు మాత్రం వినని సంగతి చెప్పింది. ఒక ఏడాది వరదలో ఆసుపత్రి ఆవరణ మునిగింది. మూడు రోజులు కొత్త మనిషి లోపలికి రాలేదు, ఉన్నవాళ్లు బయటికి పోలేదు. అయినా ప్రతి వార్డుకీ వేళకి వేడి తిండి, వేడినీళ్లు అందాయి. వంటశాల తరఫున అత్తకి ప్రశంసాపత్రం ఇచ్చారు. మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఆ మూడు రోజులూ బాయిలరు ఆరనివ్వనిది మేస్త్రి. ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. "నాకు తెలుసు. స్టేజి మీదున్నాను, ఒక్క మాట అంటే సరిపోయేది. బూడిద గొడవ మనసులో పెట్టుకుని ఊరుకున్నాను," అంది అత్త.

ఆట మళ్లీ నడిపి, మిగిలిన నలుగురిలో ముగ్గురిని పొయ్యి దగ్గర, ఒకామెని జ్వరం మనిషి మంచం దగ్గర పెట్టింది. ఐదుగురూ చలికాలం దాటారు. అది చూశాక, ఆ ఆదివారం తనని మేస్త్రి ఇంటికి తీసుకెళ్లమంది.

ఒక ప్రింటింగ్ ప్రెస్సు వెనక సందులో రెండు గదుల ఇల్లు. మేస్త్రి వాకిట్లో కూర్చుని పాత కుళాయి ఒకటి విప్పుతున్నాడు. బాయిలరు రొద ఆయన వినికిడిని ముప్పాతిక వంతు తినేసిందని అక్కడికెళ్లాకే తెలిసింది. అత్త దారంతా కూడగట్టుకున్న మాటని మెల్లగా అంది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఇప్పుడింకా బూడిద ఎక్కడుందండీ స్టోరమ్మగారూ?" అన్నాడు.

అత్త ఇంకోసారి చెప్పింది. ఈసారి ఆమె కడుపునొప్పితో వచ్చిందనుకుని లోపలికి మంచినీళ్లు పురమాయించాడు. ఇక లాభం లేదని అత్త గొంతెత్తింది. "వరదలో ఆసుపత్రిని నిలబెట్టింది మీరు. పేరు నేను కొట్టేశాను. ఇన్నేళ్లూ మీకు రుణపడి ఉన్నాను, మేస్త్రీ." సందు మొత్తానికి వినబడింది. ఎదురింటివాళ్లు కిటికీ తెరిచారు.

మేస్త్రి చేతిలోని కుళాయి కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "రెండోరోజు మీరు పొడిగోనెలు పంపారు కదండీ, ఒంటికి చుట్టుకోమని. అవే లేకపోతే నేను పడిపోయేవాణ్ణి. అది చెప్పాలని నేనూ అనుకున్నాను. మీరు కనబడితే పోట్లాటకే టైము సరిపోయేది," అన్నాడు.

గోనెలు పంపిన సంగతి అత్తకి అస్సలు గుర్తులేదు. తిరుగుదారిలో బస్సులో అదే తలుచుకుని కళ్లు తుడుచుకుంది. కుడిచేత్తోనే తుడుచుకుంది.

ఇప్పుడు గురువారాలు మేస్త్రి మా ఇంటికి వస్తాడు. మొదటిరోజే తెర చూసి, పొయ్యి మూలనెందుకు పెట్టారు, నడిమిగోడలో పెడితే రెండు గదులూ వెచ్చబడతాయి కదా అన్నాడు. అత్త గట్టిగా వాదించి, ఆయన వెళ్లాక అలాగే మార్పించింది. తన జడ తనే వేసుకుంటోంది, సీసా మూతలు తీస్తోంది. చెయ్యి పూర్తిగా బాగవదని డాక్టర్లు ముందే చెప్పారు, దానికి ఆమెకి బెంగ లేదు. ఈ ఆట ఎవరు తయారుచేశారో కనుక్కుని వాళ్లకి ఒక ఉత్తరం రాయాలంటోంది. ఏమని రాస్తావని అడిగాను. వాళ్ల ఐదుగురూ క్షేమమని రాస్తుందట, గొణుగుడయ్య కూడా.